నమలకూడదు

కాశీబుగ్గ బస్టాండు ఎదురు సందులో
నా మందుల కొట్టుకి
సాయంత్రం ఆరు దాటాక
ముందు పొగ వస్తుంది,
దాని వెనక ఆడవాళ్లు వస్తారు.

జీడి బట్టీ పొగ.
కొంగులో, జుట్టులో, చెవి వెనక మడతలో.
ఇక్కడ పుట్టినవాళ్లకి అది వాసన కాదు,
గాలికున్న ఇంటిపేరు.

"గొంతుబిళ్లలు రెండియ్యి బాబూ."
కూర్మమ్మ చాపిన చేతికి వేళ్ల కొసలు నలుపు,
జీడి తిని గీతలు చెరిగిపోయాయి.
రేషను డిపోలో వేలిముద్ర మిషను
ఈవిడెవరో నాకు తెలీదని
రెండుసార్లు వెనక్కి పంపింది.

నేను పాఠం అప్పజెబుతాను,
పదహారేళ్లుగా అదే పాఠం:
నమలకూడదు. మింగకూడదు.
బుగ్గన పెట్టుకో, దానంతటది కరగాలి.
కరిగాక పావుగంట నీళ్లు ముట్టొద్దు.
రోజుకి ఆరుకి మించొద్దు.

"ఆరా!" అని నవ్వుతుంది.
"రెండుకే సిల్లర ఎతుక్కుంతన్నాను."

బిళ్ల నోట్లో ఉంటే మాటాడ్డానికి ఉండదు,
మేస్త్రీకి అదే ఇష్టం.
కూర్మమ్మకి మాత్రం అది గడియారం.
బిళ్ల అంచు నాలిక్కి పదునుగా తగిలేసరికి
సగం డబ్బా పిక్కలు,
రేకంత పల్చబడి విరిగేసరికి ముప్పావు,
తీపి పోయి ఒక్క ఘాటే మిగిలేసరికి
డబ్బా నిండాలి.
"నిన్నటిది బేగి కరిగిపోనాది.
కంపెనీ మార్సినావేటి?"
మార్చాను. ఎవరికీ చెప్పలేదు.

మొన్న వానల్లో
కిలోకి నాలుగు రూపాయలు పెంచమని
ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నారు.
మొదటిరోజు నా కొట్టుదాకా వినపడ్డారు.
రెండోరోజు, రైలు లేనప్పుడు మాత్రం.
మూడోరోజు వెళ్లి చూస్తే
పిడికిళ్లు లేస్తున్నాయి, పెదాలు కదులుతున్నాయి,
శబ్దం లేదు.

కూర్మమ్మ వచ్చి, మాట రాక,
గొంతు మీద వేలు పెట్టి చూపించింది.
కొట్లో మిగిలింది పది బిళ్లల అట్ట ఒక్కటే.
వాళ్లు నలభైమంది.
పప్పు చిట్లకుండా పిక్కని చీల్చే చేతికి
బిళ్ల ఒక లెక్కా?
ఒక్కొక్కటీ నాలుగు ముక్కలు,
పొడి కూడా రాలలేదు.
పావు బిళ్లకి పావు మందేనని
చెప్పబోయి ఊరుకున్నాను.

పనిచేసిందని నేను రాసివ్వలేను.
నాలుగున్నరకి మాత్రం
గేటు దగ్గర ఎవరో గట్టిగా దగ్గారు,
ఆ దగ్గు తోకపట్టుకుని
ఒక కేక బయటికొచ్చింది.

రూపాయిన్నర పెరిగింది.
నా ఖాతా పుస్తకంలో ఆ అట్ట ఇంకా ఉంది,
కొట్టెయ్యలేదు, అడగలేదు.

ఈ వారం నాకే గొంతు పోయింది.
కూర్మమ్మ బల్లకి ఇవతల నిలబడి
నా బుగ్గకేసి అనుమానంగా చూసి
"నమిలీగలవు బాబూ, సప్పరించు" అంది.

అప్పటికే
కరకరా నమిలేశాను.