పల్లం

కరకంబాడి దాటినాక
కంకర తవ్వి వదిలేసిన గుంతలో
నూట అరవై ప్లాట్లు.
మురుక్కి దారి వెతుకుతున్నాను.

అడుగున స్టాఫ్ నిలబెట్టి పట్టుకున్నాడు చెంగల్రాయులు.
ఈ గుంతలో సగం ఆయన గడ్డపారదే.

రోడ్డు కింది మెయిన్ పైపు
గుంత అడుగుకన్నా పద్నాలుగు అడుగులు పైన.
నీరు పల్లమెరుగు, సరే,
పల్లంలో పుట్టిన నీరు ఎటుపోవాలి?
మోటారు పెట్టి ఎత్తిపోయాల్సిందే.

"ముప్పై ఏండ్లు కంకర పైకి మోసినాం సార్,
ఇంక పెంట గూడా పైకేనా?"
నవ్వు దగ్గులోకి జారింది.
దగ్గు తెగినాక అడిగాడు:
"గట్టుమీద మా ఇండ్లకాడికి వొస్తాదా, ఈ లైను?"

వాళ్లది ఎత్తు.
పైపు వేస్తే చాలు, తనంతట తనే దిగుతుంది.
మోటారు అక్కర్లేదు.

నా షీట్లో ఆ గట్టే లేదు.
అంచున పెన్సిలుతో
ఒక మ్యాన్‌హోలు సున్నా చుట్టాను,
చెరిపేయడానికి వీలుగా.