ఎడమ ఇంజను

నిమజ్జనం అయిన పన్నెండో రోజు.
హుస్సేన్‌సాగర్ ఇంకా రంగు కక్కుతూనే ఉంది.
పడవను గట్టెక్కించి
ట్రాలీ చక్రాల కింద ఇటుకలు తోశాం.

ఇరవై రెండేళ్ళ పడవ. వెనక రెండు ఇంజన్లు,
ఒకే ట్యాంకు తాగుతూ
ఒకరి మొహం ఒకరు చూడని తోడికోడళ్ళు.

మొన్న రాత్రి ఎడమది దగ్గింది.
బుద్ధుడికి అవతల
నీళ్ళలో ఎవరో చెయ్యెత్తిన చోటికి
ఇంకా వంద గజాలుండగా.
ఎడమది ఆగితే కుడిది ఒక్కతే తోస్తుంది,
పడవ ముక్కు అటు తిరిగిపోతుంది.
దాన్ని దారికి తెచ్చుకుని వెళ్ళేసరికి...
ఆ సంగతి ఇలియాస్ సాబ్ డ్యూటీ పుస్తకంలో రాశాడు.
ఒక్క లైను.
నేను ఆ రాత్రి సెలవులో ఉన్నా.

"ఇప్పటి పెట్రోల్ల చెరుకు సారా కలుపుతున్రు బిడ్డా,
పాత రబ్బరుకు ఆ తాగుడు పడదు."
పైపును వంచాడు. ఎండిన ములక్కాయలా చిట్లింది.
చీల్చి చూస్తే లోపలి పొర
పాము కుబుసంలా ఊడొచ్చింది.
ఆ నల్ల పొట్టే కార్బురేటరు గొంతులో.

రాణిగంజ్‌లో నాలుగు కొట్లు తిరిగా.
ఒకతను మొక్కలకు నీళ్ళు పట్టేది చూపించి
"ఇది గూడ పైపే గద మేడం" అన్నాడు.

అడుగు పలక ఎత్తితే
బంతిపూల దారం, చెంపపిన్ను,
సుద్ద వినాయకుడి చెవి ఒకటి.
ఇలియాస్ సాబ్ దాన్ని లుంగీ అంచుతో తుడిచి
పానాల డబ్బాలో పెట్టుకున్నాడు.
ఎందుకని నేనడగలేదు.

ట్యాంకు నుంచి వెనక్కి
చెయ్యి దూరని సందులో పైపు దారి.
ఎన్ని మలుపులో పడవ కట్టినవాడికే ఎరుక.
అరిగిన పెన్సిలు ముక్క ఒకటి
సగం పాతదాని మూతిలోకి, సగం కొత్తదానిలోకి దూర్చి
పైన టేపు చుట్టాడు.
"నేనిటు తీస్త. నువ్వటు ఇయ్యి.
గుంజకు. గుంజితే తెగుతది."

అలా, చిరిగిన పైపే
తనకు తెలిసిన చీకటంతా
కొత్తదానికి చూపిస్తూ బయటికొచ్చింది.
మధ్యలో ఒకచోట ఆగింది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
ఆయన పలక మీద రెండుసార్లు తట్టాడు,
నిద్రపోతున్నవాళ్ళ తలుపు మీద తట్టినట్టు.
కదిలింది.

వేడినీళ్ళలో ముంచితే మూతి మెత్తబడి ఎక్కింది.
క్లాంపులు పాతవి వద్దు, తుప్పు.
బత్తాయంత రబ్బరు బల్బు మీద బాణం గుర్తు
ఇంజను వైపే ఉండాలి,
తిరగేస్తే రోజంతా పిసికినా చుక్క దిగదు.
పిసికా. మెత్తగా, మెత్తగా,
పదకొండోసారికి గట్టిపడింది.

కుడిదానికీ మార్చాం.
"అదింక దగ్గలే గద" అన్నా.
"దగ్గినంక మారుస్తమా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

సాయంత్రం నీళ్ళలోకి దించాం.
తాళం తిప్పితే ముందు వాసన,
ఎక్కడో ఒక చుక్క. వెంటనే ఆపేసి
క్లాంపు అర చుట్టు బిగించాం.
మళ్ళీ తిప్పాం.
రెండూ పలికాయి. ఒకే శ్రుతి అనను,
ఇలియాస్ సాబ్ మాత్రం బీడీ వెలిగించుకోవడానికి
గట్టు మీద దూరంగా నడిచి వెళ్ళిపోయాడు.

డ్యూటీ పుస్తకం తెరిచి
ఆ లైను మీద చెయ్యి అడ్డం పెట్టుకుని
కింద రాశాను:
రెండు ఇంజన్ల పైపులు మార్చబడినవి.

చెయ్యి తీస్తే కాగితం మీద పెట్రోలు మరక.
చూస్తుండగానే ఆరిపోయింది.
అక్షరాలు ఆరలేదు.