ఒక గడి వంగిన గోడ

ధర్మాబాద్ మిర్చి యార్డులో
కాటా గదికి కిటికీ లేదు.
"అందుకే నిన్ను పిలిపించింది, నాలుగు కిటికీలు పెట్టు"
అని నవ్వాడు దిగంబర్ మునీము,
నవ్వి మూడుసార్లు తుమ్మాడు.

కిటికీలే రాశాను.
నల్లటి తెర, ఇరవై నాలుగు వరసలు, ఎనభై గడులు.
బొమ్మల్లేవు. మిర్చి దుమ్ముకి
రెండు మౌసులు చచ్చాక మూడోది కొనలేదు.
మొదటి ఫంక్షన్ తెరను మొత్తంగా నాకప్పగిస్తుంది.
రెండోది, ఎవరేం నొక్కినా
అడగందే బయటపెట్టనంటుంది.
మూడోది కొత్త కిటికీ తెరుస్తుంది:
ఎన్ని వరసలు, ఎన్ని గడులు,
పైనుంచి ఎంత, ఎడమ నుంచి ఎంత.
ముందు కిందికి లెక్క, తర్వాతే పక్కకి.
ఈ క్రమం నా తలకెక్కడానికి వారం పట్టింది.
బస్తా మోసేవాళ్ళకి ఎప్పుడో తెలుసు,
ముందు ఎత్తు, తర్వాతే దూరం.

పైన ఎడమకి బండి నంబరు.
నడుమ వజను.
కుడి పక్క రేటు.
కింద, పొడుగ్గా, తొడిమెలు తీసేవాళ్ళ పేర్లూ కూలీ.
చుట్టూ గీత గీసే ఫంక్షన్ వేరే ఉంది,
మూలలు అదే కలుపుతుంది.
గీత గియ్యడం ఇంత తేలికని
ముందు ఎవరికి తెలిసిందో గానీ,
బాసర వెళ్ళే రైల్లో కూచుంటే
రాష్ట్రం ఎక్కడ మారిందో చేలు చెప్పవు,
జేబులో ఫోను ఒకసారి వణుకుతుంది, అంతే.

రాసింది వెంటనే కనబడదు.
ఎక్కడో లోపల, చీకట్లో, అంకె మారిపోయి ఉంటుంది.
రిఫ్రెష్ అన్నప్పుడే తెర మీదికొస్తుంది.
ఈ మాట విన్న రోజు దిగంబర్ మునీము
కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.
"రేటు లోపల మారనీ.
బయట పది నిమిషాలు పాతదే ఉండనీ.
కుదురుతుంది కదా?"

కుదురుతుంది.
ఒక్క లైను కిందికి జరిపితే చాలు.
టీ చల్లారిందని లేచి బయటికి పోయాను.
తిరిగొచ్చి ఆ రెండు లైన్లనీ
విడదీయరాకుండా ఒకే ఫంక్షన్లో కట్టేశాను.
కంప్యూటరు ఒప్పుకోవట్లేదన్నాను.
అదీ అబద్ధమే, తూచుకోండి.

పేర్లు తెలుగులో వెయ్యమన్నారు.
గడికొక అక్షరం అనుకునే తెరకి
ద కింద ర వేలాడటం అర్థం కాదు.
ఒత్తుకీ ఒక గడి లెక్కేసింది.
చంద్రభాగ పేరున్న వరసలో
కుడి గోడ ఒక గడి లోపలికొచ్చింది,
నిలువు గీతలో చిన్న సొట్ట.
మూడు రాత్రులు కూచుని సరిచేశాను.
దారం కట్టి చూసినట్టు నిలబడింది గోడ.

చివరి ఫంక్షన్ నాకిష్టం.
తీసుకున్న తెరను తీసుకున్నట్టే
తిరిగిచ్చేస్తుంది.
అది మరిచి బయటికొస్తే
ఏం టైపు చేసినా అక్షరం పడదు,
గోడకి చెప్పుకున్నట్టు.

శనివారం కూలి.
చంద్రభాగ తెర ముందు నిలబడి
పైకీ కిందికీ చూసింది.
కొంగుతో ముక్కు తుడుచుకుంది.
"నా పేరేది?"
ఉందమ్మా, ఐదోది.
"గాదు. నా పేరు కాడ గోడ వంగుంటది గదా.
ఎవడు తీసిండు?"

చదువు రాదని ఆమె అనలేదు,
నేనడగలేదు.
వెనక వరసలో ఆడవాళ్ళు దగ్గుతున్నారు.

ఆ సాయంత్రం మునీము వెళ్ళాక
ఆ పేరున్న వరసకి మాత్రం
గోడను ఒక గడి లోపలికి తోశాను.
ఈసారి లెక్క తెలిసే.
పైన ఒక మాట రాసిపెట్టాను,
నా తర్వాత ఈ ప్రోగ్రామ్ ఎవరు తెరిచినా
వాళ్ళకి మొదట కనబడేలా:

ఇది తప్పు కాదు.
చంద్రభాగ. ముట్టుకోవద్దు.