నాలుగు మైక్రాన్లు

కడప పెద్దాసుపత్రి వెనకవైపు
శవాల గది దాటినాక రెండో తలుపు మాది.
ఫార్మలిన్‌కు కళ్ళు మండేది మొదటి నెలే,
తర్వాత కళ్ళే దానికి లొంగిపోతాయి.

పదకొండుకు బుడ్లు వస్తాయి.
ఇంజెక్షన్ బుడ్డి, టానిక్కు బుడ్డి,
ఒకసారి ఎవరో నిమ్మకాయ ఊరగాయ బుడ్డి కడిగి తెచ్చినారు,
మూత తీస్తే ఇంకా మెంతిపొడి వాసన.

సోమవారం ఇద్దరు ఓబుళమ్మలు.
ఒకరిది ఖాజీపేట, ఒకరిది నిడుజువ్వి.
నిడుజువ్వి ఓబుళమ్మకు ఎడమ బుగ్గ లోపల పుండు.
పసుపు అద్దింది, తేనె పూసింది,
జమ్మలమడుగు ఆరెంపీ మాత్రలు మింగింది.
రెండు నెలలకు గూడా పుండు మానలేదు.
ఆమె వక్కాకు మానలేదు.

"ముక్క తీస్తే పాకుతుందంట గదా?"
ఈ మాట వారానికి నాలుగుసార్లు వింటా.
పాకేది కత్తి వల్ల కాదమ్మా,
కత్తికి భయపడి ఇంట్లో కూర్చున్న నెలల వల్ల.
ఇది నేను చెప్పలేదు, నాజ్నీన్ మేడం చెప్పింది.
నేను తలూపినా.

స్కాన్ నీడను చూపిస్తుంది.
నీడ ఎంత పొడుగో చెబుతుంది, ఎవరిదో చెప్పదు.
క్షయ గూడా అట్లే కనపడొచ్చు,
ఊరికే వాచిన బిళ్ళ గూడా,
మనం నోటితో అనని ఇంకోటి గూడా.
పేరు కావాలంటే ముక్క కావాలి.
మెడ కింది గడ్డకైతే ముందు సూది చాలు.
పుండుకైతే అంచున,
చెడిందీ మంచిదీ ఒకదానికొకటి తగిలే చోట
జొన్నగింజంత.

మా నాయన ఎర్రగుంట్ల కాడ బండలు కొట్టేవాడు.
సుత్తితో తట్టి, చెవి ఆనించి,
"లోపల పగులుంది, వదిలెయ్" అనేవాడు.
ఉలి పెట్టే చోటు తెలిస్తే
రాయే పొరలు పొరలుగా విడిపోతుందనేవాడు.
మాంసం అట్లా పలకదు నాయనా.
రాత్రంతా స్పిరిట్‌లో దాని తడి ఇగరగొట్టి,
కరిగిన మైనం తాపి,
దిమ్మెగా గట్టిపడినాక గదా నా చక్రం తిరిగేది.
నువ్వు తీసింది అంగుళం బండ.
నేను తీసేది నాలుగు మైక్రాన్లు.
ఊపిరి గట్టిగా వదిలితే లేచిపోతుంది.
అందుకే కోతప్పుడు ఫ్యాన్ ఆపుతాం.
కడపలో. మే నెలలో.

ఉల్లిపొర మాదిరి ఆ పట్టీని
గోరువెచ్చని నీళ్ళ మీద తేలేసి,
ముడతలు పోయినాక గాజు మీదికి ఎత్తుకుంటా.
రంగులు రెండే,
కణం లోపలి గింజకు నీలం, మిగిలినదానికి గులాబీ.

మంగళవారం మధ్యాహ్నం,
కుట్టు చూపించుకోను వచ్చి, మా తలుపు కాడ నిలబడింది.
"నా ముక్క ఒకసారి చూపించు నాయనా."
చూపించగూడదు. చూపించినా.
కిటికీ వెలుతురుకు గాజు ఎత్తి పట్టుకుంటే
కందిబేడంత గులాబీ మరక.
"ఇంతేనా" అంది,
దూరపు చుట్టాల బిడ్డను చూసినట్టు చూసింది.
మంచిదా చెడ్డదా అనలేదు.
"ఇంకో ఓబుళమ్మ ఉంది గదా,
నా బాకీ ఆయమ్మ మీదికి పోదు గదా?"

గాజు అంచున, గరుకు చోట, నా చేతి అంకెలు చూపించినా.
పదకొండు వందల ఎనభై ఏడు.
పెన్నుతో రాస్తే స్పిరిట్‌లో కొట్టుకుపోతుంది,
అందుకే పెన్సిలు.
బుడ్డి మీద, దిమ్మె మీద, గాజు మీద
అదే అంకె, పైకి చదువుతూ రాస్తా.
తలరాత ఎవరు ఏ సిరాతో రాస్తారో నాకు తెలియదు.

"గురువారం రా, మేడం చెబుతుంది."
"గురువారం మాకు బండల కాడ కూలి లెక్క. శుక్రవారం వస్తాలే."

గాజును చదివే అధికారం నాది కాదు.
పంతొమ్మిదేళ్ళుగా చూస్తాండా, అంతే.

"గురువారమే రామ్మా" అన్నా.
ఆమె నా మొగం కల్లా ఒకసారి చూసి
కొంగు బుగ్గకు అదుముకొని పోయింది.
పోయినాక ఫ్యాన్ వేసినా.