ఆకుపచ్చ దారం

జీలాంగ్‌లో జులై. గరాజ్ తలుపు కిందనుంచి
చలి పిల్లిలా దూరుతోంది.
పాత హోల్డెన్ ఇంజన్ స్టాండు మీద వెల్లకిలా.

మూడో క్యాప్ విప్పితే
బేరింగ్ చిప్ప అరచేతిలో పడింది.
పైపూత లేచిపోయి, రాగి
దోక్కుపోయిన మోకాలిలా.

పక్కింటి మెర్విన్ పాల క్రేటు మీద కూర్చున్నాడు,
పక్షవాతం కొట్టిన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని.
"లోపలివైపు ముట్టుకోకు. చెమటా శత్రువే."
కొత్త చిప్ప వీపు తుడిచి,
నాలుకను గాడిలో పెట్టి,
బొటనవేలితో నొక్కాను.
కూర్చుంది.

షాఫ్టు మీద వెంట్రుకంత ఆకుపచ్చ మైనపు దారం.
బిగించి, విప్పి,
అది నలిగిన వెడల్పు చూశాను:
అంగుళాన్ని వెయ్యి చేస్తే అందులో రెండు.
"చాలు. నూనె కాపురం ఆ సందులోనే."

దారం గీకి, నూనె రాసి, మళ్లీ బిగించాను.
రెంచి టక్కుమంది.
ఇంకాస్త తిప్పబోతే
ఆయన ఎడంచెయ్యి నా మణికట్టు మీద పడింది.
"ఒక్క టక్కే. రెండోది అనుమానం."

చేత్తో తిప్పాను. క్రాంకు
నీళ్లలో చేప ఒత్తిగిలినట్టు
కదిలింది.

పాత చిప్పలు చిల్లరలా జేబులో వేసుకుని
మెర్విన్ కాలీడ్చుకుంటూ వెళ్లాడు.
నాలుగేళ్లు నా కారు మోసిన టకటక
కంచె దాటి, వాళ్ల మెట్లెక్కి,
తలుపు పడ్డాకే ఆగింది.