రేవు పాట

మా ఇంట్లో పాట అంటే
ఎవరూ గొంతు సవరించుకునేవారు కాదు.
ఉగాది వెళ్ళిన వారానికి సమితి ఆఫీసు వరండాలో
వంశధార రేవుకి వేలం.
మొదటి పాట సర్కారుది.
పై పాట పొట్నూరు జగ్గప్పది.
ఒకటోసారి, రెండోసారి అంటూ గుమస్తా సాగదీస్తుంటే
మా నాన్న బైరాగి మెట్ల కింద నిలబడి
తెడ్డు కాయలు కాసిన చేతులు వెనక్కి కట్టుకునేవాడు.
మూడోసారి అన్నాక
ఏరు జగ్గప్పది. పడవ మాది.

ఒక వేసవి ఏరు మోకాలి లోతుకి దిగిపోయింది.
సంతకెళ్ళే ఆడవాళ్ళు చీరలు ఎగ్గట్టి
నడిచి దాటేశారు.
ఒడ్డున గొడుగు కింద జగ్గప్ప చెయ్యి చాచాడు.
"పడవెక్కనేదు కదేటి బాబూ!" అంది మిన్నమ్మత్త.
"నీళ్ళు పాడుకున్నానేటి నాను? దాటడం పాడుకున్నాను."
ఆవిడ కొంగుముడి విప్పి పావలా ఇచ్చింది.
ఆ మాట నాకు
చాలా ఏళ్ళు అర్థం కాలేదు.

ఇప్పుడు వంతెన ఉంది. రేవుకి పాట లేదు.
నేను మెట్ట మీది సెల్ టవర్‌కి కాపలా,
కరెంటు పోతే జనరేటర్‌లో డీజిల్ పోస్తాను.
మొన్న ఢిల్లీలో వేలం జరిగిందట.
వరండా లేదు, గుమస్తా లేడు,
పాడేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడరు,
తలుపులేసుకుని మీటలు నొక్కుతారు.
ఒక రౌండు, ఇంకో రౌండు, రోజుల తరబడి.
ఇరవయ్యేళ్ళకి ఆకాశం, ముక్కల లెక్కన.

టెక్కలి నుంచి వచ్చే ఇంజనీరమ్మ హేమసుందరి
టవర్ నీడలో టిఫిన్ డబ్బా విప్పుతూ చెప్పింది:
కింది బ్యాండు మొండిది, కొండవార నుంచి వంగి, గోడ దూరి పోతుంది.
పైది బరువు బాగా మోస్తుంది గానీ
తడిసిన చింతాకు అడ్డొచ్చినా నీరసపడిపోతుంది.
అందుకే కిందిదానికి అంత ధర.
ఒక్కోసారి సర్కారు పాటే మరీ ఎక్కువైతే
ఎవరూ నోరు విప్పరు.
ఆ ముక్క అలా ఖాళీగా పడుంటుంది,
ఎవరికీ పనికిరాకుండా.

"అయితే గాలినే అమ్మేస్తున్నారా?" అన్నాను.
ఆవిడ పచ్చడి వేలు నాకి కాసేపు ఆలోచించింది.
"గాలి కాదు. ఆ దారిలో ఇంకెవరూ మాట్లాడకూడదని
రాసిచ్చే కాగితం.
మిగతా అందరి మౌనం అమ్ముతారు."

జగ్గప్ప గొడుగు గుర్తొచ్చింది.

రాత్రి నాన్నకి చెబితే మంచం మీంచి లేచి కూర్చున్నాడు.
"మరి మన ఊరి మీద ఆకాసం ఎంతకి ఎల్లిందిరా?"
ఊరికి విడిగా ధర ఉండదు నాన్నా,
రాష్ట్రమంతా కలిపి ఒకటే కుప్ప.
కోటబొమ్మాళి సంతలో వంకాయలు తూచాక
పైన పడేసే రెండు మిరపకాయలం.
కొసరు.
"కొసరా," అన్నాడు.
ఇంకేదో అనబోయి దగ్గాడు.

నేను కాపలా కాసే టవర్ మా వీధికే అందదు,
మధ్యలో మెట్ట వంపు.
సిగ్నల్ కావాలంటే పాత రేవుకే పోవాలి.
ఇసకలో బోర్లాపడున్న మా పడవ వీపెక్కి
మిన్నమ్మత్త పలాస బ్రోకరుకి ఫోన్ చేస్తుంది,
జీడిపిక్కల ధర కోసం.
అవతల్నుంచి అంకె సగమే వస్తుంది.
పదకొండు వేల...
మిగతా సగం ఏటి మీద ఎక్కడో జారిపోతుంది.
"ఎంతా?" అంటుంది ఒకటోసారి.
"ఎంతా?" రెండోసారి.
డీజిల్ డబ్బా పట్టుకుని నేను
వంతెన మీదే నిలబడిపోతాను.