మాటకెన్ని పాళ్ళు

సిరిపురంలో తొమ్మిదో అంతస్తు.
ఏసీ చలికి మఫ్లరు చుట్టుకుని
ఇరవై ఏళ్ళ తర్వాతి ఎండ గురించి రాస్తుంటాను.
అదీ నా ఉద్యోగం.

రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ మాది.
రేపు ఏం అమ్ముతామో, ఎవరు కొంటారో
ఏటా మార్చిలో ఐదుగురం కూర్చుని ఊహించేవాళ్ళం.
ఐదుగురిలో నలుగురికి ఈత రాదు.

ఈసారి ఛైర్మన్‌గారికి ఏం తోచిందో
"ఊరినే అడగండి" అన్నారు.
ఫోన్లలో ఒక గుంపు కట్టాం, ఎనిమిది వందల మంది:
హార్బరు కలాసీలు, ఐసు ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టు,
రొయ్యలు వొలిచే ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు,
పేరు చెప్పని ఒక క్రేను డ్రైవరు.
"2045లో మన తీరం ఎలా ఉంటుంది?"
ప్రశ్న పెట్టి టీకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి రెండు వందల పదకొండు జవాబులు.
సగం దండాలు, గులాబీ పువ్వులు.
ఒకాయన తన స్కూటరు అమ్మకానికి పెట్టాడు.

రాత్రి పదకొండు దాటాక అసలు మాటలు.
ఐసు ఫ్యాక్టరీ సూరాడ దానయ్య:
"మునుపు బోటుకి ముప్పై దిమ్మలేసీవోలం బాబూ,
ఇప్పుడు యాభై ఏసినా ఒడ్డుకొచ్చీసరికి నీలే.
సేప దూరం ఎలిపోనాది. మీ లెక్కల్లో ఉందేటి?"

లేదు.
లెక్కల్లో డాలరు ఉంది.

మధురవాడ నుంచి హిమజ అనే పిల్ల
పటం గీసి పంపింది, నీళ్ళొచ్చే చోటల్లా నీలం.
కోల్డ్ స్టోరేజీకి మేం కొన్న స్థలం మీద
ఒక పీత. నవ్వుతున్న పీత.

బోర్డు గదిలో అది తెర మీదికొచ్చినప్పుడు
దాంతో కలిసి ఎవరూ నవ్వలేదు.
ఛైర్మన్‌గారు మంచినీళ్ళు తాగి
"స్థలం సంగతి మళ్ళీ చూద్దాం" అన్నారు.
పదేళ్ళలో నా రిపోర్టు
ఒక గోడ లేవకుండా ఆపడం ఇదే మొదలు.

నా రిపోర్టా?

పెదజాలారిపేట నూకరత్నం గొంతు
ఇంకా ఫోన్లోనే ఉంది. పదిహేడు సెకన్లు.
వెనకాల కాకులు, వేలంపాట కేకలు.
"బోటుకో పాలు, వలకో పాలు, కలాసికో పాలు,
ఆకరికి వంటోడిక్కూడా అర పాలు.
మా నోట్లో మాట అట్టుకెల్లేరు గదా,
మరి మాటకెన్ని పాళ్ళు?"

విన్నట్టు రెండు నీలి గీతలు
ఆమెకి కనబడే ఉంటాయి.
జవాబు కొడతాను, చెరుపుతాను,
మళ్ళీ కొడతాను.
కిటికీ అవతల బెర్తు దొరకని ఓడలు
లంగరేసుకుని దీపాలు పెట్టుకున్నాయి.

ఆమె ఫోన్లో మాత్రం
నేనింకా రాస్తూనే ఉన్నట్టు
చూపిస్తూ ఉంటుంది.